ఈల లేని ఆటస్థలము

నేను 33 సంవత్సరములు వ్యాయామోపాధ్యాయుడనుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడను. ఆ కాలమంతయు నా మెడలో ఒక ఇత్తడి ఈల వ్రేలాడుచుండెడిది. ఒకసారి ఊదినచో మైదానమందలి పిల్లలందరును నిలిచినచోటనే నిలిచెడివారు. రెండవసారి ఊదినచో వరుసలు తీరెడివారు. వారు నన్ను నా పేరుతో గాక "ఈల మేష్టారు" అని చెప్పుకొనెడివారట. ఆ సంగతి చెవిని పడినపుడు లోలోపల గర్వించితిని కూడ. నేడు ఆ ఈల నా మెడలో లేదు. దానిని నాచేత మాన్పించినవాడు ఒక ఏడేండ్ల పిల్లవాడు. వాడు నా కూతురు కొడుకు. వానికి ఆటిజము కలదు.

ఆ పిల్లవానికి వ్యాయామము నేర్పబోయి నేను నేర్చుకొన్నది చాల కలదు. ఇది వైద్యశాస్త్ర వ్యాసము కాదు. ఒక డ్రిల్లు మేష్టారు తన వృత్తిని ముదిమిలో మరల మొదటినుండి నేర్చుకొన్న వృత్తాంతము. ఇట్టి బిడ్డ యున్న ఇంటివారికిని, ఇట్టి బిడ్డ తమ తరగతిలో నున్న ఉపాధ్యాయులకును కొంత ఉపకరింపవచ్చునని వ్రాయుచున్నాను.

మాది తగరపువలస. విశాఖపట్టణమునుండి శ్రీకాకుళము వైపు పోవు జాతీయ రహదారిమీద, గోస్థనీ నది చెంత నున్న ఊరు. అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱా గుహల మీదుగా దిగివచ్చు ఆ యేరు మా ఊరు దాటి భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును. మా ప్రక్కనే చిట్టివలస. అచ్చటి జనపనార మిల్లు 2009లో మూతపడినది. అంతవరకు ఈ చుట్టుప్రక్కల సంసారములకు గడియారము ఆ మిల్లు కూతయే. నేనును ఆ కూత విని పెరిగినవాడనే. కూతకు లేచుట, గంటకు కూర్చుండుట, ఈలకు నిలుచుట: ఆజ్ఞ యనునది చెవి ద్వారా వచ్చునని నాకు చిన్ననాటినుండి కుదిరిన నమ్మకము.

మా వృత్తికి ఈ సీమలో గొప్ప పరంపర కలదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు మల్లయోధులుగా లోకప్రసిద్ధి కెక్కుటకు ముందు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా నుండిరి. హారీ క్రో బక్ దొరగారు 1920లో మదరాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించిన పిమ్మట, ఆటలు నేర్పుటలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు దక్షిణదేశపు పాఠశాలలకు రాసాగిరి. ఆ పరంపరవలన మాకు దేహమును గూర్చిన జ్ఞానము, క్రమశిక్షణయు అబ్బినవి. కాని ఈల వినగానే చెవులు మూసికొను పిల్లవానితో ఏమి చేయవలెనో మాకెవ్వరును చెప్పలేదు.

మా మనుమనికి నాలుగవ ఏట విశాఖపట్టణములో వైద్యులు పరీక్షించి ఆటిజమని నిర్ణయించిరి. వాడు మాటలు కొద్దిగా పలుకును. పిలిచినచో తిరిగి చూచుట అరుదు. మునివ్రేళ్ళమీద నడచును. సంతోషము కలిగినపుడు చేతులను రెక్కలవలె ఆడించును. గులకరాళ్ళను ఏరి, చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా పేర్చును. ఆ వరుసలో ఒక రాయి కదిలినచో వానికి లోకమే కదిలినట్లుండును. వానికి ఏడేండ్లు నిండినపుడు, "ఇంక వీనిని నాకు విడిచిపెట్టుము, కండలు కదలినచో బుద్ధియు కదలును" అని మా అమ్మాయితో ధీమాగా చెప్పితిని.

మొదటినాడు పొరుగు పిల్లలను నలుగురిని చేర్చి, మా ఇంటి వెనుకనున్న ఖాళీస్థలమున అందరిని వరుసగా నిలిపి, అలవాటు చొప్పున ఈల ఊదితిని. వాడు నేలమీద కూలబడెను. ఒక చేతితో చెవి మూసికొని, రెండవ ముంజేతిని కొరికికొనెను. పండ్లగాట్లు పడి రక్తము కనబడినది. "లే! లేచి నిలబడు!" అని గద్దించితిని. గద్దించినకొలది కొరుకుట ఎక్కువాయెను. మా అమ్మాయి పరుగున వచ్చి, వానిని గట్టిగా పొదివి పట్టుకొని, నా వంక చూచి ఒక్కమాట అనెను:

"నాన్నా, వాడు మొండికెయ్యలేదు. వాడికి నొప్పెట్టింది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరువదియైదేండ్ల నాటి మరియొక పిల్లవాడు జ్ఞప్తికి వచ్చెను. నేను అప్పుడు పనిచేయుచుండిన పాఠశాలలో ఆరవ తరగతి చదువుచుండెను. ఎన్నడును వరుసలో నిలిచెడివాడు కాడు. ఈల వేయగానే చెవులు మూసికొని గోడవైపు తిరిగెడివాడు. అది నా అధికారమునకు ధిక్కారమని తలచి, ఒకనాడు వానిని ఆటల గంట ముగియువరకు జెండా కఱ్ఱ ప్రక్కన ఎండలో నిలబెట్టితిని. తక్కిన పిల్లలు నవ్విరి. నేను వారించలేదు. ఆ పిమ్మట ఆటల గంటలో వానిని తరగతిగదిలోనే కూర్చుండబెట్టి, పిల్లల సంచులకు కాపలా యుంచితిని. కొన్ని నెలలకు వాని తండ్రి బడి మాన్పించెను. ఆ పిల్లవానికి ఏమున్నదో నేను చెప్పజాలను. వైద్యులెవ్వరును చూచి యుండరు. ఆటిజమను మాటయే నేను అప్పటికి వినియుండలేదు. కాని ఆ మూసికొన్న చెవులు, నా మనుమని చెవులు ఒక్కటేయని ఆ రాత్రి నాకు తోచినది.

మరునాడు ఈలను వసారాలో మేకునకు తగిలించి, చదువుట మొదలిడితిని.

ఆటిజమను మాట గ్రీకు భాషలో "తాను" అను అర్థము గల పదమునుండి పుట్టినది. స్విట్జర్లండు మానసిక వైద్యుడు బ్లాయిలర్ 1911 ప్రాంతమున దానిని మరియొక మనోవ్యాధి లక్షణమునకు వాడెను. పిల్లలయందు కనుపించు ఈ స్థితిని వేరుగా గుర్తించి వర్ణించినవారు అమెరికాలో లియో కానర్. ఆయన 1943లో 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. నావంటివానికి ఆశ్చర్యము కలిగించినది అందలి ఒక చిన్న విషయము: ఆ పిల్లలలో పలువురి నడకయందును, పెద్ద కదలికలయందును కొంత తడబాటున్నదనియు, వ్రేళ్ళతో చేయు సూక్ష్మమైన పనులలో మాత్రము నేర్పరులనియు ఆయన గమనించిరి. మా వాడు రాళ్ళను వెంట్రుకవాసి తేడా లేకుండ పేర్చును; బంతి విసరినచో ముఖమునకు తగులువరకు చేయి ఎత్తడు. అది నిర్లక్ష్యమని నేననుకొంటిని. ఎనుబది యేండ్ల క్రిందటనే ఒక వైద్యుడు దానిని కాగితముమీద పెట్టియున్నాడు.

ఇంకొక సంగతియు తెలిసికొంటిని. తల్లిదండ్రులు ప్రేమ చూపనందువలననే పిల్లలిట్లు తమలో తాము ముడుచుకొని పోవుదురని పాశ్చాత్య పండితులు కొందరు చాలకాలము వాదించిరి. తానే ఇట్టి కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్త్వవేత్త 1964లో ఒక గ్రంథము ప్రకటించి ఆ వాదమును ఖండించెను. ఇది పెంపకపు దోషము కాదు. మెదడు ఎదుగుదలలోని భేదము. విదేశములలో ఆ నింద తొలగి ఇన్నేండ్లైనను, మన వీధులలో మాత్రము "తల్లి సెల్‌ఫోను ఇచ్చి చెడగొట్టినది" అను మాట నేటికిని వినబడుచున్నది. మా అమ్మాయి ఆ మాటను ఎన్నిసార్లు మ్రింగినదో నాకు తెలియును.

ఇక ఆటను గూర్చి ఆలోచించితిని. బంతిని పట్టుమనుట ఎంత తేలిక! కాని పట్టువాడు ఎన్ని పనులు చేయవలెను? విసరువాని ముఖము చూచి ఎప్పుడు విసరునో ఊహింపవలెను. వచ్చు బంతిని కన్నులతో వెంబడింపవలెను. అది తన్ను చేరుకాలమును లెక్కింపవలెను. ఆ కాలమునకు చేతులు జోడింపవలెను. ఈ నడుమ ప్రక్కవాడు వేయు కేకలను, కాలిక్రింది గరుకును, మెడమీది ఎండను లెక్కచేయక పోవలెను. మనకు ఇవన్నియు కలసి ఒకే పనిగా నుండును. ఇట్టి పిల్లవానికి అవి విడివిడిగా, ఒకదానిపై నొకటి వచ్చి పడును. పైగా మేష్టారు ఈల ఊదును. చెవిలో సూది గ్రుచ్చినట్లుండు ధ్వని వినుచు ఎవడు బంతి పట్టగలడు?

కావున మొదట చెవికి చెప్పుట మాని, కంటికి చూపుట ప్రారంభించితిని. ప్రతిదినమును అదే స్థలము, అదే వేళ. ఉదయము ఆరు గంటలకు ఎండయు, రహదారి రొదయు తక్కువ. నేలమీద సున్నముతో అయిదు వలయములు గీచితిని. ఒక్కొక్క వలయమున ఒక్కొక్క పని. మా అమ్మాయి అట్టముక్కలమీద బొమ్మలు గీచి యిచ్చెను: నడచుట, దూకుట, ఇసుక బాల్చీ మోయుట, బంతి విసరుట, నీళ్ళు త్రాగుట. వానిని ఒక త్రాటికి బట్టల క్లిప్పులతో వరుసగా తగిలించితిమి. ఒక పని ముగియగానే ఆ బొమ్మను తీసి వెదురు బుట్టలో వేయవలెను. త్రాటిమీద బొమ్మలు లేకుండుట యనగా పాఠము ముగిసినదని యర్థము. ఏమి చేయవలెను, ఎంత చేయవలెను, ఎప్పుడు ముగియును: ఈ మూడును ముందుగా కనబడినచో వాని భయము సగము తగ్గినది. ఆలోచించి చూడగా, ముగింపు తెలియని పని పెద్దవారికిని దుర్భరమే గదా!

రెండవది, మాటలు తగ్గించుట. "ఏదీ బాబూ, ఒక్కసారి దూకు చూద్దాము, నిన్న బాగా దూకావు కాదూ" అని బుజ్జగించెడివాడను. ఆ మాటల గుంపులో వానికి కావలసిన మాట ఒక్కటే. "దూకు" అని యొకసారి చెప్పి, బొమ్మ చూపి, నేను దూకి చూపి, నోరు మూసికొని పది లెక్కపెట్టుట నేర్చుకొంటిని. 33 సంవత్సరములు అరచినవానికి మౌనముగా పది లెక్కపెట్టుట దండెములు తీయుటకంటె కష్టము. ఎనిమిదవ అంకెకో తొమ్మిదవ అంకెకో వాడు దూకెడివాడు. ఇంతకుముందు నేను మూడవ అంకెకే గద్దించి యుందును.

మూడవది, పనిని ముక్కలు చేయుట. బంతితో గాక గాలిబుడగతో మొదలిడితిమి. బుడగ మెల్లగా దిగును. తగిలినను నొప్పి లేదు. పిదప గుడ్డబంతి, అదియు మూర దూరమునుండి, వాని అరచేతులలో పెట్టినట్లుగా. తరువాత రెండు మూరలు. మొదట వాని చేతులక్రింద నా చేతులుంచి పట్టించితిని. తరువాత మోచేతులను మాత్రము తాకితిని. తుదకు ప్రక్కన నిలిచితిని. మూర దూరము నాలుగు గజములగుటకు అయిదు నెలలు పట్టినది. ఇందులో ఒక జాగ్రత్త కలదు. తేలికగా, హఠాత్తుగా తాకినచో వాడు ఉలికిపడును. ముందు చేయి చూపి, నిలుకడగా పట్టుకొన్నచో ఒప్పుకొనును. ఇసుక బాల్చీని మోసినపుడు వాడు నెమ్మదించుటయు గమనించితిని. అందరు పిల్లలును అట్లే యుందురని చెప్పను. ఒకనికి గట్టి స్పర్శ హాయి. ఇంకొకనికి అదియే బాధ. ఏ పిల్లవానికి ఏది సరిపడునో ఆ పిల్లవానినుండియే తెలిసికొనవలెను.

బహుమానము మాటయు అంతే. నేను వీపు తట్టి "శభాష్" అనెడివాడను. వానికి అది అక్కరలేదు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గులకరాయి ఇచ్చితిని. అయిదు రాళ్ళు చేరినపిమ్మట వరుస పేర్చుకొనుటకు పది నిమిషములు. నాకు పిచ్చిపనిగా తోచిన ఆ రాళ్ళే మా ఇద్దరికిని నడుమ మొదటి భాష యైనవి.

ఇట్లు ఎనిమిది నెలలు గడచిన పిమ్మట, మన పాత ఆటలలో ఏది వీనికి తగునని వెదకితిని. కబడ్డీ తగదు. అందు కూతయు, తాకుటయు, గుంపును కలవు. కోతికొమ్మచ్చిలో ఎవడు ఎప్పుడు తరుముకొని వచ్చునో తెలియదు. తుదకు చిక్కినది తొక్కుడుబిళ్ళ. దానిని ఆడపిల్లల ఆటయని నా పాఠశాలలో ఎన్నడును లెక్కచేసి యుండలేదు. కాని చూడుడు: గళ్ళు కంటికి కనబడుచుండును. వాని క్రమము మారదు. ఒకరు ఆడునపుడు ఇంకొకరు పైబడరు. ఎవరి వంతు వచ్చినదో బిళ్ళయే చెప్పును. ఒంటికాలిమీద నిలుచుట, గురిచూచి విసరుట, గీత త్రొక్కకుండ దూకుట: కాలికి, కంటికి, చేతికి కావలసిన శిక్షణ యంతయు అందున్నది. విదేశములలో పండితులు ఇట్టి పిల్లలకై యోచించి యేర్పరచిన పద్ధతులలోని గుణములు మన వీధి అరుగుల ముందర పెంకుముక్కతో ఆడు ఆటలో ఎప్పటినుండియో యున్నవి.

వ్యాయామమువలన ఇట్టివారికి మేలు కలుగునని నేను మాత్రమే చెప్పుటలేదు. అమెరికాలో కెర్న్, కోగెల్ మున్నగువారు 1982లో ప్రకటించిన పరిశీలనలో, పరుగెత్తిన పిమ్మట పిల్లలలో చేతులాడించుట, ఊగుట వంటి చేష్టలు తగ్గి, పాఠముపై దృష్టి హెచ్చినట్లు తేలినది. 1984లో వారే 15 నిమిషముల పరుగును 15 నిమిషముల తేలికపాటి బంతియాటతో పోల్చి, ఫలము పరుగువలననే గాని బంతియాటవలన అంతగా లేదని చూపిరి. ఇరాను దేశమున 2012లో ప్రకటింపబడిన మరియొక పరిశీలనలో 30 మంది పిల్లలను తీసికొని, వారిలో కొందరికి 14 వారములు కరాటేలోని కతా అను క్రమబద్ధమైన కదలికలను నేర్పగా, అట్టి చేష్టలు తగ్గినవట. కతాలో ఎదుట ప్రత్యర్థి యుండడు. కదలికల వరుస మారదు. మన సూర్యనమస్కారములకును ఆ గుణమే కలదు. అయితే ఈ పరిశీలనలన్నియు కొద్దిమంది పిల్లలతో చేసినవి. వ్యాయామము ఆటిజమును పోగొట్టదు. పోగొట్టునని డబ్బు గుంజువారిని నమ్మరాదు. చేతులాడించుటయు నేరము కాదు. అది వాని సంతోషపు భాష కూడ. వ్యాయామము ఇచ్చునది ఆకలి, నిద్ర, నిలుకడ, తన దేహము తన మాట వినునను ధైర్యము. ఏ పిల్లవానికైనను అంతకంటె ఏమి కావలెను?

ఇచ్చటికి సంతృప్తిపడి ఆగియుందును. కాని ఒక శ్రావణమాసపు సాయంకాలము మా కన్నులు తెరిపించినది.

ఆనాడు వీధి తలుపు గడియ వేయుట మరచితిమి. అయిదు నిమిషములలో పిల్లవాడు లేడు. నలుగురమును నాలుగు దిక్కులకు పరుగెత్తితిమి. ఇంతలో రోడ్డుమీదినుండి ఒకడు కేకవేసెను: "మేష్టారూ! మీ గుంటడు ఏటికాడున్నాడండి!"

గోస్థనిలో ఆ దినములలో నీరున్నది. వాడు మోకాలిలోతున నిలిచి, నీటిపై పడు ఎండను అరచేతులతో కొట్టుచు నవ్వుచున్నాడు. రెండడుగులు ముందున్నది మడుగు. పేరు పెట్టి పిలిచినచో తిరుగడు. కేక వేసినచో బెదరి ముందునకే పోవును. 33 సంవత్సరములు నేను నమ్ముకొన్న గొంతు ఆ క్షణమున నాకు పనికిరాలేదు. మా పాఠములో "ఆగు" అనుటకు గుర్తు ఎఱ్ఱగుడ్డ. నా భుజముమీది తువ్వాలు ఎఱ్ఱనిది. ఒడ్డువెంట చుట్టివచ్చి, వాని చూపునకు ఎదురుగా నీటిలో దిగి, ఆ తువ్వాలును రెండు చేతులతో చాచి పట్టితిని. వాడు చూచెను. చేతులు ఆడించుట ఆపి, నిలిచినచోటనే నిలిచెను. వెనుకనుండి ఒక పశువుల కాపరి మెల్లగా వచ్చి వానిని ఎత్తుకొనెను. అది తువ్వాలు మహిమయో, దైవఘటనయో చెప్పజాలను. ఆ రాత్రి మా ఇంట ఎవ్వరును అన్నము తినలేదు.

ఆ పిమ్మట తెలిసినది, ఇది మా ఇంటి కథ మాత్రమే కాదని. అమెరికాలో 2012లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ప్రకారము, ఆటిజము గల పిల్లలలో సుమారు సగముమంది నాలుగేండ్లు దాటిన పిమ్మట ఒకసారియైనను ఇల్లో బడియో విడిచి చెప్పకుండ వెడలుటకు యత్నించినవారే. 2017లో కొలంబియా విశ్వవిద్యాలయపు పండితులు ఆ దేశపు మరణముల లెక్కలను చూచి, పదునైదేండ్లలోపు ఇట్టి పిల్లలు నీట మునిగి చనిపోవు అవకాశము ఇతర పిల్లలకంటె 160 రెట్లు ఎక్కువని వ్రాసిరి. నీరు వారిని ఆకర్షించును. అపాయము వారికి తోచదు. అది నదులు తక్కువైన దేశపు లెక్క కాదనుకొన్నను, మాది ఒకవైపు యేరు, మరియొకవైపు ఏడెనిమిది మైళ్ళలోపున సముద్రమును గల ఊరు. ఇట్టిచోట ఈత నేర్పుట వినోదము కాదు, ప్రాణరక్షణము.

తైవానులో 16 మంది బాలురకు పది వారములు నీటిలో శిక్షణ యిచ్చి చూడగా, వారికి నీటిలో మెలకువలును, తోటివారితో మెలగుటయు మెరుగుపడినవని 2010లో ఒక పరిశీలన వెలువడినది. ఆ ధైర్యముతో ప్రతి ఆదివారమును మా వానిని విశాఖపట్టణములో ఒక ఈతకొలనునకు తీసికొని పోయితిమి. యేటిలో నేర్పలేదు, ప్రవాహమును, మడుగులను నమ్మరాదు. మేము మొదట నేర్పినది ఈత కాదు, ఆగుట. గట్టుమీద ఎఱ్ఱగీత వద్ద నిలిచి, పెద్దవారు చేయి చూపినగాని దిగరాదు. ఈ ఒక్కదానికి నెలదినములు పట్టినది. తరువాత మెట్లు దిగుట, ముఖము తడుపుకొనుట, వెల్లకిల తేలుట, గట్టు పట్టుకొని తనంతట తాను పైకెక్కుట. చేతులు కాళ్ళు ఆడించి ముందునకు పోవుట చిట్టచివర. ఆశ్చర్యమేమనగా, నేలమీద మునివ్రేళ్ళపై తడబడు పిల్లవాడు నీటిలో నెమ్మదిగా, హాయిగా నుండెను. నీరు అన్నివైపులనుండి సమముగా పట్టుకొనుటవలన కాబోలు. నేడు వాడు పది గజములు ఈదగలడు. అయినను మా వీధి తలుపునకు పైన రెండవ గడియ పెట్టించితిమి. ఈత వచ్చినదని కావలి మానరాదు.

ఇక పాఠశాలల మాట. 1995నాటి వికలాంగుల చట్టము పేర్కొన్న వైకల్యములలో ఆటిజము లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టము దానిని పేర్కొన్నది. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము తాను గుర్తించిన 21 వైకల్యములలో దానిని చేర్చినది. ఆ చట్టపు 16వ సెక్షను, విద్యాసంస్థలు ఇట్టి పిల్లలను వివక్షత లేక చేర్చుకొని, చదువుతోబాటు ఆటలకును వినోదములకును ఇతరులతో సమానముగా అవకాశము కల్పింపవలెనని చెప్పుచున్నది. ఆటలను చట్టము మరువలేదు. మరచినది నావంటి మేష్టారులు. ఆటల గంటలో సంచులకు కాపలా కూర్చుండు పిల్లవాడు ఏ బడిలో నున్నను, ఆ బడి చట్టమును మీరుచున్నదని తెలిసికొనవలెను.

దీనికి గొప్ప ధనము అక్కరలేదు. సున్నము, అట్టముక్కలు, ఒక బుట్ట, ఒక రంగుగుడ్డ చాలును. ఈలకు బదులు చేయెత్తుటయో, గుడ్డ చూపుటయో చేసినచో తక్కిన పిల్లలకును నష్టము లేదు. వారును మేష్టారువైపు చూచుట నేర్చుకొందురు. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు మన రాష్ట్రములోని భవిత కేంద్రములలో నున్నారు. సికింద్రాబాదులో 1984లో మానసిక వికలాంగులకై వెలసిన జాతీయ సంస్థ ఇట్టి శిక్షణ నిచ్చుచున్నది. వ్యాయామోపాధ్యాయుడు వారితో ఒక్కపూట కూర్చుండి మాటలాడినను నాకు పట్టిన 33 సంవత్సరములు పట్టవు. అమెరికాలో 1968లో యూనిస్ కెనడీ ష్రైవర్ చికాగో నగరమున స్పెషల్ ఒలింపిక్సును ప్రారంభించినపుడు, బుద్ధి ఎదుగని పిల్లలు పరుగెత్తగలరని ఎందరో నమ్మలేదట. ఆటిజము గల పిల్లలందరును ఆ కోవకు చెందినవారు కారు గాని, నమ్మకము లేకపోవుట మాత్రము వీరియెడలను అట్లే యున్నది.

అన్నియు సుఖముగా జరిగినవని వ్రాయుట అసత్యమగును. వాన కురిసి సున్నపు గీతలు కొట్టుకొనిపోయిన దినమున పాఠము లేదు, ఏడుపే. పండుగకు వీధిలో మైకు పెట్టినచో మూడుదినములు వెనుకటి స్థితి. నాకును విసుగు వచ్చి లోపలికి పోయిన దినములు కలవు. ఆ దినములలో ఆ పాత పిల్లవానిని తలచుకొని మరల వచ్చెడివాడను. ఆ కుటుంబమును గూర్చి వాకబు చేసితిని. ఊరు విడిచిపోయిరని మాత్రము తెలిసినది. క్షమాపణ చెప్పుకొనుటకు నాకు చిరునామా లేదు. ఈ వ్యాసమే ఆ చిరునామాకు వ్రాసినట్లు భావింతురు గాక.

వానికిప్పుడు తొమ్మిదేండ్లు. గత మాసమున పొరుగింటి పాప బిళ్ళ పట్టుకొని వచ్చి మా సున్నపు గళ్ళలో ఆడసాగెను. మావాడు గీతవద్ద నిలిచెను. ఆమె ఆట ముగియువరకు నిలిచెను. ఎవ్వరును చెప్పలేదు, ఎవ్వరును పట్టుకొనలేదు. ఆమె బిళ్ళను చాచగా అందుకొని తన వంతు ఆడెను. మా అమ్మాయి వంటింటి కిటికీనుండి చూచుచు కొంగుతో కన్నులొత్తుకొనెను. చూచువారికి అది తొక్కుడుబిళ్ళ. మాకు రెండు సంవత్సరముల పంట.

ఆనాడు పాప వెడలిన పిమ్మట వాడు వసారాలోనికి వచ్చి, మేకునకున్న ఈలవంక చాలసేపు చూచెను. పీట జరుపుకొని యెక్కి దానిని తీసెను. నేను ఊపిరి బిగబట్టి చూచుచుంటిని. వాడు దానిని నోట పెట్టుకొనలేదు. తిన్నగా ఆటస్థలమునకు పోయి, ముగిసిన బొమ్మలు వేయు వెదురు బుట్టలో దానిని వేసి, "అయిపోయింది" అనెను.

నేను దానిని మరల పైకి తీయలేదు.